లోపలి కుట్టు

కొన్న బండిని ఇరవై దినాలు
మిల్లు షెడ్డులోనే ఇడిసిపెట్టి వచ్చినాడు ఉరుకుందప్ప.
వెనక సీట్లో గువ్వ గూడు పెట్టిందంట.
"పిల్లలు ఎగరనీ మాబున్నక్కా,
అంతవరకు దాన్ని కదిలించొద్దు" అంటే
అప్పుడే అనుకున్నా, వీనికి ముదిరిందని.

గువ్వలు పోయినాక తాళ్ళు కట్టి లాక్కొచ్చినారు.
ముందు ట్రాక్టరు, వెనక ఎనిమిది మంది,
స్టీరింగు కాడ ఇతను
పెండ్లికొడుకు మాదిరి బిగుసుకొని.
ఇరవై ఒక్క యేండ్లు పండుకున్న కాంటెస్సా.
బానెట్టు ఎత్తితే ఇంజనంతా దూది.

చిన్నప్పుడు ఆ మిల్లులోనే పత్తి మోసినాడు.
గేటు తెరిస్తే ముందు నాలుగు గుండ్రని లైట్లు వచ్చేవంట,
తర్వాత బానెట్టు, తర్వాత ఇంకా బానెట్టు,
ఎప్పటికో సేట్టు.
ఒకనాడు డ్రైవరు గిడ్డయ్య
గుడ్డ చేతికిచ్చి తుడువుమన్నాడు.
ఆదోని ఎండ, నల్ల రేకు.
"ఆ పొద్దు కాలిన చెయ్యి ఇంకా ఆరలేదక్కా"
అని అరచెయ్యి చూపిస్తాడు.
గ్రీసు తప్ప దాంట్లో ఏమీ లేదు.

సుంకులమ్మ వచ్చింది షెడ్డుకు, కొంగు బిగించి.
"ఎమ్మిగనూరు రోడ్డులో రెండు సెంట్లు అమ్మి
ఈ ఇనుప సవితిని తెచ్చినాడు!
లీటరుకు ఏడు కిలోమీటర్లంట.
తాగే మొగోళ్ళను చూసినా గానీ
తాగే కారును ఇప్పుడే చూస్తి."
షెడ్డంతా పడీపడీ నగినారు.
ఆమె డోరును తన్నబోయి, కాలెత్తి,
చెప్పు గీత పడుతుందేమోనని
మెల్లగా దించుకుంది.
నేనొక్కదాన్నే చూసినా.

కార్బురేటరు కోసం బళ్ళారి తుక్కు అంగళ్ళు,
గుంతకల్లు, కడాకు హైదరాబాదు.
ఒక లైటు చుట్టూ ఉండే రింగు దొరికినందుకు
అందరికీ ఉగ్గాని బజ్జీ పెట్టించినాడు.
టింకరు రఫీ కూలి అడగడం మానేసినాడు.
రాత్రి పదయినా ఇంటికి పోడు,
మడ్‌గార్డు మింద వేళ్ళు ఆనించి, కండ్లు మూసుకొని,
సొట్ట యాడ మొదలయితుందో వింటుంటాడు.

నాకు బండ్ల మింద ఏమీ లేదు.
ఆటోలకూ లారీలకూ సీట్లు కుట్టి బతికినదాన్ని,
రెక్సిను వాసన నాకు అన్నం వాసన.
పాత సీటు విప్పితే
ఒక పిన్నీసు, నాలుగు పత్తిగింజలు,
ఏ చంటిబిడ్డదో వెండి గజ్జె.
సేట్టు బరువు ఎప్పుడూ ఎడమ పక్కకేనని
స్ప్రింగులు చెప్పినాయి.
గువ్వ పండుకున్న కాడ
స్పాంజిలో పిడికిలంత గుంత.
నింపాల. నా పనే అది.
చెయ్యి పెట్టి చూసినా.
ఎంత సేపు పెట్టుకున్నానో తెలీదు, టీ చల్లారింది.
గుంతను అట్లనే ఉంచి
చుట్టూ ఎర్రదారంతో ఒక వరుస కుట్టి
పైన రెక్సిను తొడిగేసినా.
సీటు చింపితే తప్ప ఎవరికీ కనపడదు.

స్టార్టు చేసిన రోజు మొదట దగ్గింది,
సైలెన్సర్లోంచి దూది ఎగిరింది.
రెండోసారి తుమ్మింది.
మూడోసారికి
ఆ సప్పుడు ఎట్ల చెప్పేది,
కొత్తగా గంట్లు కొట్టించిన తిరగల్లో
జొన్నలు పడినట్ల,
నేల కింద నుంచి, పాదాల్లోకి.
ఉరుకుందప్ప మూతి మింద చెయ్యి పెట్టుకొని
గోడ వైపు తిరిగినాడు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం
రైలు గేటు దాకా పోతారు, తిరిగొస్తారు.
పెట్రోలుకు అంతకు మించి శక్తి లేదు.
ముందు సీట్లో సుంకులమ్మ, తలనిండా కనకాంబరాలు,
కిటికీ బయటికి మోచెయ్యి,
పలకరించినా పలకదు.

నన్నూ ఎక్కమంటారు.
మిషను మింద పనుందని చెప్తా.
వెనక సీట్లో కూచుంటే
ఆ గుంత తగుల్తుందేమోనని భయం.
తగలకపోతే
ఇంకా భయం.